అమ్మ పాట, రేడియో పాట

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బాపులపాడులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం కలిస్తే ఏం మాట్లాడుకుంటామో అందరికీ తెలిసిందే. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆ తరువాత డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు. వాటి గురించి కార్యదర్శి గారు ఇప్పుడే వివరంగా చెప్పారు. నన్ను మాత్రం "మీకు పాటలంటే ఇష్టం కదా, వాటి మీద నాలుగు మాటలు చెప్పండి" అని అడిగారు.

నేను ముప్పై అయిదేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు సంగీతం రాదు. సరళీ స్వరాలు కూడా నేర్చుకోలేదు. వినడం మాత్రం వచ్చు. ఆ వినడంలోనే ఒక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు సంగతి మీ ముందు ఒప్పుకుని, మీకు ఒక చిన్న మనవి చేసి కూర్చుంటాను.

2018 ఏప్రిల్‌లో మేము కొంతమంది రిటైరైనవాళ్ళం కలిసి పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకు వెళ్ళాం. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కణ్ణుంచి సునౌలీ సరిహద్దు దాటి బస్సు. ముక్తినాథ్ వెళ్ళే దారిలో పోఖరాలో ఆగాం. అక్కడ ఫేవా చెరువు గట్టున ఒక మనిషి చిన్న వాయిద్యం ఒకటి నిలబెట్టి కమానుతో వాయిస్తూ పాడుతున్నాడు. దాన్ని సారంగి అంటారట. ఒకే చెక్కను తొలిచి చేస్తారు, కింది భాగానికి తోలు బిగిస్తారు, నాలుగు తీగలు ఉంటాయి. వాయించే కులం వారిని గంధర్వులంటారు, గాయినేలనీ అంటారు. పూర్వం ఊరూరా తిరిగి, ఎక్కడ యుద్ధం జరిగింది, ఎవరు పోయారు, ఏ రాజు ఏం చేశాడు అని పాటగా చెప్పేవారట. మన జంగాలు, శారదకాండ్రు, బుర్రకథ వాళ్ళు గుర్తుకొచ్చారు నాకు.

ఆ సాయంత్రం బజారులో ఒక దుకాణంలో దాదాపు అదే తీరు పాట వినిపించింది. ఈసారి సారంగి లేదు. వేణువు, సితారు, తబలా. ఎంతో నాగరికంగా, ఇస్త్రీ చేసిన చొక్కాలాగా ఉంది. "సుర్ సుధా" అనే బృందం అని దుకాణం వాడు చెప్పాడు. ప్రేమ్ రాణా ఔటారి వేణువు, బిజయ వైద్య సితారు, సురేంద్ర శ్రేష్ఠ తబలా. 1980లలో మొదలుపెట్టి, శాస్త్రీయ సంగీతం నేర్చిన వేళ్ళతో తమ కొండల పాటలను వాయించి దేశదేశాల్లో వినిపించారు. వాళ్ళ కంటే ముందే ఝలక్‌మాన్ గంధర్వ అనే సారంగి గాయకుడు పోఖరా పక్క ఊరి నుంచి వెళ్ళి రేడియో నేపాల్‌లో పాడాడు. ఊరుగాని ఊళ్ళో చనిపోతున్న సిపాయి తన తల్లికి పంపుకునే కబురు అతని పాటల్లో బాగా పేరు పడింది. ఆయన 2003లో కాలం చేశాడు.

ఆ సీడీ ఒకటి కొనుక్కుని హోటలుకు వచ్చాను. మా ఆవిడ "బాగుందండీ" అంది. నిజంగా బాగుంది. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గట్టు మీది పాట, దుకాణంలోని పాట రెండూ ఒకేసారి వినేసరికి, నలభై నాలుగేళ్ళ కిందట మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి కదిలింది. అది చెప్పే ముందు, అలాంటి పనే మన దగ్గర ఎంత గొప్పగా జరిగిందో చెప్పాలి. లేకపోతే నేను రేడియోను తప్పుపడుతున్నానని అనుకుంటారు.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నేను పుట్టింది ఆ తరువాతే కాబట్టి నాకు ఆ కేంద్రం అక్కయ్య వరస. మా చిన్నతనంలో పంచాయతీ ఆఫీసు మీద లౌడ్‌స్పీకరు ఉండేది. సాయంత్రం రేడియో పెడితే అరుగుల మీద జనం నిండిపోయేవారు. పొద్దున్న పూట వచ్చే భక్తిరంజని మీలో చాలామందికి ఇప్పటికీ చెవిలో ఉండే ఉంటుంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, ఓలేటి వెంకటేశ్వర్లు గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు. ఒకే కేంద్రంలో అంతమంది ఉండటం మన అదృష్టం.

వీళ్ళు చేసిన పని ఏమిటంటే, బైరాగులు ఏకతార మీటుకుంటూ, చిరతలు కొట్టుకుంటూ వీధుల్లో పాడే తత్త్వాలను తీసుకొచ్చి తంబురా శ్రుతిలో నిలబెట్టారు. పదేళ్ళ లోపు వయసులోనే కచేరీ చేసిన బాలమురళి గారు, త్యాగరాజ శిష్య పరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు, బిచ్చమెత్తుకునేవాడి పాటను ఎంత శ్రద్ధగా పాడారో చూడండి. కచేరీల మొహం చూడని మా ఊరివాళ్ళు ఆయన్ను త్యాగరాజ కృతులతో కాదు, ఆ తత్త్వాలతోనే గుర్తుపట్టారు. ఏలూరు దగ్గరి వసంతవాడలో పుట్టిన నండూరి వెంకట సుబ్బారావు గారి ఎంకి పాటలు 1925లో పుస్తకంగా వచ్చాయి. అవి పల్లె మాటలో చదువుకున్న కవి రాసినవి. గోపాలరత్నం గారి గొంతులో విన్నాక, అవి ఏ తోటలోనో పుట్టి పెరిగినవే అనుకున్నాం.

అటు మద్రాసులో వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి అక్కచెల్లెళ్ళు జానపద గేయాలను సభల్లోకి, రేడియోలోకి తెచ్చారు. అనసూయాదేవి గారు వాటికి స్వరాలు రాసి పుస్తకాలుగా అచ్చువేయించారు. 2019లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో, అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూశారు. సీతాదేవి గారు "మా భూమి" సినిమాకు సంగీతం చేశారు. పొలాల పాటలను చదువుకున్నవాళ్ళు సిగ్గుపడకుండా పాడవచ్చునని ఈ అక్కచెల్లెళ్ళు చూపించారు.

నిజానికి ఇది రేడియోతో మొదలైన పని కూడా కాదు. అయిదు వందల ఏళ్ళ కిందట అన్నమయ్య జాజరలు, సువ్వి పాటలు, గొబ్బి పాటలు, ఉయ్యాల పాటలు, లాలి పాటలు అన్నీ వేంకటేశ్వరుడి సన్నిధికి చేర్చాడు. దంచే రోకలి పాట దేవుడి ముందుకు వెళ్ళింది. ఆ రాగిరేకులు బయటపడ్డాక రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు కొన్నిటికి స్వరం కూర్చారు. ఆ తరువాత గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు వందలాది కీర్తనలకు బాణీలు కట్టి ఇంటింటికీ చేర్చారు. ఆయన 2025 మార్చిలో స్వర్గస్థులయ్యారు. శాస్త్రీయ రాగాల పేర్లే చూడండి. యదుకుల కాంభోజికి ఎరుకల కాంభోజి అనే పేరు కూడా ఉంది. చెంచు కాంభోజి ఉండనే ఉంది. ఎరుకలవాళ్ళు, చెంచులు పాడుకున్నది రాగమై పీటలెక్కిందని పెద్దలు చెబుతారు. పున్నాగవరాళి అనగానే పాములవాడి నాగస్వరం గుర్తుకు రానిది ఎవరికి?

మన నూజివీడు సంగతే తీసుకోండి. బయటివాళ్ళకు నూజివీడంటే మామిడిపళ్ళు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు. (మా ప్రాంతంలో కలెక్టరంటే మామిడికాయ కూడాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో "కలెక్టరును కోసి పచ్చడి పెట్టాం" అని ఎవరో అంటే పక్క జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మా హెడ్ గుమాస్తా గారు హడలిపోయారు.) కాని నూజివీడుకు వీణల పేరు కూడా ఉంది. పనస చెక్కతో అక్కడ తరతరాలుగా వీణలు చేస్తున్నారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, మన బాపులపాడు కృష్ణాలో మిగిలింది. అంటే వీణ ఒక జిల్లా, వినేవాళ్ళం ఒక జిల్లా. పాటకు మాత్రం సరిహద్దు రాళ్ళు పాతలేదు.

ఇంత గొప్ప పనిలో పోయేది కూడా కొంత ఉంది. అది ఎవరి తప్పూ కాదు, పని అలాంటిది. ఊళ్ళో తత్త్వానికి గడియారం లేదు. పాడేవాడికి ఓపిక, వినేవాడికి తీరిక ఉన్నంతసేపు చరణం మీద చరణం వస్తూనే ఉంటుంది. పాత గ్రామఫోను రికార్డుకు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రేడియోలోనూ టైము టైమే. కాబట్టి ఇరవై చరణాల్లో మూడో నాలుగో ఏరుకోవాలి. ఊళ్ళో శ్రుతి ఎవరి గొంతుకు ఎంత అందితే అంత. స్టూడియోలో తంబురాకు కట్టుబడాలి. దంపుళ్ళ పాటలో రోకలి పడే చోట ఊపిరి వదులుతారు, ఆ ఊపిరే తాళం. రోకలి తీసేసి మృదంగం పెడితే తాళం ఉంటుంది, ఊపిరి ఉండదు. పైగా ఊళ్ళో ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా ఉన్న పాట, ఒకసారి రేడియోలో వచ్చాక, "ఇదే సరైన పాట" అయిపోతుంది.

మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే రేడియో పాట ఫెయిర్ కాపీ. చిత్తు ప్రతిలో కొట్టివేతలు, మార్జిన్లో రాతలు, పక్కన ఎవరిదో పొట్టి సంతకం ఉంటాయి. ఫెయిర్ కాపీలో అవేవీ ఉండవు. చదవడానికి హాయిగా ఉంటుంది. పైకి పంపేది దాన్నే. కాని చిత్తు ప్రతి చించి పారెయ్యకూడదని మనకు సీనియర్లు మొదటి రోజే నేర్పారు కదా. రేపు తగాదా వస్తే, ఎవరు ఎందుకు ఏ మాట రాశారో తెలిసేది దానిలోనే.

ఇప్పుడు నా తప్పు సంగతి.

మా నాన్నగారు ఏటా రెండు మూడెకరాల మామిడి తోట కౌలుకు తీసుకునేవారు. వేసవిలో మేమంతా తోటలోనే కాపురం. మగవాళ్ళు చిక్కాలతో కాయ దించితే, మా అమ్మ, మరి నలుగురు ఆడవాళ్ళు కూర్చుని కాయ ఏరి, వరిగడ్డి పరిచిన గంపల్లో సర్దేవారు. సర్దేటప్పుడు పాడుకునేవారు. మా అమ్మకు చదువు లేదు. తత్త్వాలు మాత్రం చాలా వచ్చు. వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకుందట.

నాకు 1973లో ఉద్యోగం వచ్చింది. మరుసటి ఏడు ఎరియర్సు డబ్బుతో ఒక ట్రాన్సిస్టరు కొని ఇంటికి తెచ్చాను. పొద్దున్నే భక్తిరంజని పెట్టేవాణ్ణి. ఒకరోజు ఒక తత్త్వం వచ్చింది. వాకిట్లో ముగ్గు వేస్తున్న మా అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఒరే అబ్బాయ్, ఇది మా నాయనమ్మ పాటరా" అంటూ లోపలికొచ్చి, రేడియోతో గొంతు కలిపింది. రెండు చరణాలు కలిశాయి. మూడోది కలవలేదు. రేడియోలో పాట ముగిసిపోయినా అమ్మ ఇంకో చరణం పాడుతూనే ఉంది. ఆ చరణంలో మామిడి చెట్టు వస్తుంది, పండక ముందే గాలికి రాలిన పిందె వస్తుంది, ఆ చెట్టును ఓదార్చేదెవరన్న మాట వస్తుంది.

నేను అప్పటికి కొత్తగా చొక్కా జేబులో పెన్ను పెట్టుకున్న వాణ్ణి. "అమ్మా, అది అలా కాదు. అంత పెద్ద విద్వాంసులు పాడారు, విన్నావుగా. నువ్వు పాడిన చరణం ఆ పాటలో లేదు. రాగం కూడా అది కాదు" అన్నాను.

అమ్మ నన్ను ఒకసారి చూసి నవ్వింది. "కాదేమోలేరా, చదువుకున్నవాడివి, నీకే తెలుస్తుంది" అంది. వెళ్ళి మిగిలిన ముగ్గు పూర్తి చేసింది.

ఆ తరువాత మా అమ్మ పదిహేడేళ్ళు బతికింది. నా ఎదుట మళ్ళీ పాడలేదు. తోటలో పాడేదేమో నాకు తెలియదు. నేను వెళ్ళేసరికి ఆపేసేది. 1991లో పోయింది.

పోఖరాలో నిద్ర పట్టని ఆ రాత్రి నాకు ఆ పిందె చరణం గుర్తుకొచ్చింది. ఎంత తన్నుకున్నా మొదటి మాటలు తప్ప మిగతావి రాలేదు. ఊరికి రాగానే మా పిన్ని దగ్గరకు వెళ్ళాను. మా అమ్మకు ఆఖరి చెల్లెలు. అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. మా మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను, వాడి సెల్‌ఫోనులో రికార్డు చెయ్యడానికి. "పిన్నీ, అమ్మ ఒక తత్త్వం పాడేది, పిందె రాలిన పాట, నీకు వచ్చా?" అని అడిగాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "అది తత్త్వంలోది కాదు నాన్నా, అక్క కట్టుకుంది" అంది. "నీకు ముందు ఒక ఆడపిల్ల పుట్టి పదకొండు నెలలకు పోయింది. ఆ ఏడు తోటలో పెద్ద గాలి. పిల్ల పోయాక అక్క మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. గంపలు సర్దేటప్పుడు మాత్రం ఆ తత్త్వం పాడి, చివర ఆ ముక్క కలిపేది. మేమెవరం అడగలేదు."

నాకు అరవై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి తెలిసింది, నాకొక అక్క ఉండేదని. మా ఇంట్లో ఆ పిల్లకు ఫోటో లేదు, జనన నమోదు లేదు, ఎవరి నోటా పేరు లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క చరణం. ఆ చరణాన్ని నేను "పాటలో లేదు" అని కొట్టేశాను.

పిన్ని పాడింది. గొంతు వణికింది, మధ్యలో దగ్గింది, రెండు మాటలు మరిచిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. పెరట్లో కోడి కూసింది. అంతా ఫోనులోకి ఎక్కింది. రెండేళ్ళ తరువాత పిన్ని కూడా పోయింది.

మా మనవడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. కీబోర్డు వాయిస్తాడు, వీణ నేర్చుకున్న స్నేహితురాలు ఒకమ్మాయి ఉంది. వాళ్ళిద్దరూ కలిసి ఆ పాటకు వీణ, వేణువు కలిపి తయారుచేశారు. "తాతయ్యా, ముత్తవ్వ పాటను ఇలా చేస్తే నీకు కోపమా?" అని అడిగాడు. "కోపమెందుకురా, బాలమురళి గారు చేసిందీ అదే, అన్నమయ్య చేసిందీ అదే. మీరు చెయ్యకపోతే మీ వయసు వాళ్ళు ఎవరు వింటారు? చెయ్యండి. కాని ఒక్క షరతు. పిన్ని పాడింది పాడినట్టు, దగ్గుతో కోడికూతతో సహా, వేరుగా ఉంచాలి. దానిలో ఒక్క అక్షరం ముట్టుకోకూడదు" అన్నాను. వాడు రెండింటికీ రెండు పేర్లు పెట్టి నాకిచ్చాడు. ఒకటి "అసలు", ఒకటి "కలిపినది".

కలిపినది మా ఆవిడకు, కోడలికి, వచ్చిన చుట్టాలకు వినిపిస్తాను. అందరూ మెచ్చుకుంటారు. నాకూ బాగానే ఉంటుంది. అసలుది మాత్రం నేనొక్కణ్ణీ వింటాను.

ఇక నా మనవి. మనలో చాలామంది ఇళ్ళల్లో డెబ్భై, ఎనభై దాటిన ఆడవాళ్ళు ఉన్నారు. మంగళహారతులు, గొబ్బి పాటలు, అప్పగింతల పాటలు, దంపుళ్ళ పాటలు, స్త్రీల రామాయణపు పాటలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. సంక్రాంతికి పిల్లలు వస్తారు, ప్రతివాడి చేతిలో రికార్డు చేసే ఫోను ఉంది. ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్క పాట చాలు. మనం గుమాస్తాలం కాబట్టి రిజిస్టరు పద్ధతి మనకు తెలుసు. నాలుగు కాలాలు గీయండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. వీలైతే అయిదో కాలం రిమార్కులు. "ఈ చరణం ఎక్కడిది?" అని అడిగి ఆ జవాబు అందులో రాయండి. నేను అడగాల్సింది అదే. అడగలేదు.

రేపు ఏ విద్వాంసుడో, ఏ కుర్రవాడో వచ్చి ఆ పాటలకు వీణ కలుపుతాడు, రాగం కట్టి కొత్తవాళ్ళకు వినిపిస్తాడు. సంతోషంగా ఇద్దాం. కాని రికార్డు రూములో అసలు ప్రతి ఉండాలి.

ఒక్క హెచ్చరిక. వాళ్ళు పాడేటప్పుడు సరిదిద్దకండి. రాగం తప్పినా, మాట తప్పినా, మీరు రేడియోలో విన్నదానికి వేరుగా ఉన్నా, నోరు మూసుకుని వినండి. ఆ తప్పు అనుకున్నచోటే మీ ఇంటి మనిషి ఎవరో ఉండి ఉండవచ్చు.